స్పీచ్ థెరపీలో మొదటి ఉద్యోగమా? పెద్దవాళ్ళను వదిలేయకండి

బీఏఎస్ఎల్‌పీ (మాట, వినికిడి చికిత్సల డిగ్రీ) ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉన్న జూనియర్లు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఒకటే. "అక్కా, హైదరాబాద్‌లో పిల్లల సెంటర్ వాళ్ళు ఆఫర్ ఇచ్చారు, చేరిపోమంటావా?" జీతం ఎంతో చెప్తారు, హాస్టల్ పక్కనే అంటారు, రోజుకు ఎన్ని సెషన్లో కూడా చెప్తారు. అక్కడ పెద్దవాళ్ళ కేసులు వస్తాయా అని నేను అడిగితే మాత్రం కాసేపు ఏమీ అనరు. తర్వాత "అక్కడంతా పిల్లలే అక్కా, మంచిదే కదా" అంటారు.

అది మంచిదని నేను అనుకోవడం లేదు. చదువు అయిపోయిన మొదటి రెండు మూడేళ్ళు పిల్లలనూ పెద్దవాళ్ళనూ కలిపి చూసే చోటే పని చేయాలి, అందుకోసం జిల్లాకు రావాల్సి వస్తే రావాలి. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఫోన్‌లో ఇదంతా చెప్పడం కుదరడం లేదు.

నేను చదివింది హైదరాబాద్‌లో, పని చేస్తున్నది నల్లగొండలో. కొన్ని రోజులు క్లినిక్‌లో పిల్లలతో, కొన్ని రోజులు ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళతో. దేవరకొండ, మిర్యాలగూడ, హాలియా, మునుగోడు వైపు నుంచి వస్తారు, అప్పుడప్పుడు కల్వకుర్తి, అచ్చంపేట నుంచి కూడా వస్తారు. ఇక్కడ నేను ఫలానా కేసులే చూస్తాను అనడానికి ఉండదు. పొద్దున మూడేళ్ళ బాబు వస్తాడు, మధ్యాహ్నం గొంతు పోయిన స్కూల్ టీచర్, సాయంత్రం మూతి వంకర పోయి మాట ముద్దగా వస్తున్న తాత. మొదట్లో అంత తేడా ఉన్న మనుషులను ఒకే రోజు చూడటం టెన్షన్‌గానే ఉంటుంది. కానీ ఒకరి దగ్గర నేర్చుకున్నది ఇంకొకరి దగ్గర అక్కరకు వస్తుంది, అదీ మనం ఊహించని చోట.

పక్షవాతం సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ అన్యాయం జరుగుతున్నది అక్కడే.

ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే అందరి చూపూ ముందు కాలు మీద, తర్వాత చేయి మీద. ఫిజియోథెరపీ అంటే ఏమిటో ఇప్పుడు పల్లెల్లో కూడా తెలుసు. పసరు మందుకు పోయేవాళ్ళు, పావురం రక్తం రాయించేవాళ్ళు ఇంకా ఉన్నారు, అయినా ఫిజియో మాత్రం చేయిస్తున్నారు. మాట దగ్గరికి వచ్చేసరికి "నడుస్తుండు గదా మేడం, గది చాలు, మాట మెల్లగ అదే వస్తది" అంటారు. డాక్టర్లు కూడా చాలామంది అదే అంటారు, అది నాకు ఎక్కువ బాధ. డిశ్చార్జి కాగితం మీద బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు, ఫిజియోథెరపీ ఉంటాయి. స్పీచ్ థెరపీ అని రాసి ఉన్న కాగితం నా దగ్గరికి వస్తే ఆ డాక్టరు పేరు గుర్తుపెట్టుకుంటాను, అంత అరుదు.

అసలేం జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. ఎక్కువమందిలో భాషను నడిపేది మెదడు ఎడమ భాగం. అందుకే కుడి చేయి, కుడి కాలు పడిపోయినవాళ్ళలో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు దగ్గరికి వచ్చిన ఒక రోగి ఏం అడిగినా "టాన్, టాన్" అని మాత్రమే అనేవాడు, చెప్పింది మాత్రం అర్థం చేసుకునేవాడు. చనిపోయాక మెదడు చూస్తే ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. 1874లో వెర్నికే అనే జర్మన్ డాక్టరు దీనికి వ్యతిరేకంగా ఉండే రకాన్ని వివరించాడు. అందులో మాట ధారాళంగా వస్తుంది, అర్థం ఉండదు, ఎదుటివాళ్ళు చెప్పేది కూడా సరిగా ఎక్కదు. వీటన్నిటినీ కలిపి అఫేసియా అంటాం. నాలుక, పెదవుల కండరాలు బలహీనపడి మాట ముద్దగా రావడం వేరు, దాన్ని డిసార్థ్రియా అంటాం. అక్కడ భాష అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది, పలకడమే కష్టం.

ఈ తేడా ఇంట్లోవాళ్ళకు ఎవరూ చెప్పరు. చెప్పకపోతే ఏమవుతుందంటే, బ్రోకా రకం మనిషిని "మతి పోయింది, మనం చెప్పేది సమజైతలేదు" అని పక్కన కూర్చోబెడతారు. ఆయన ముందే ఆయన భూమి పంపకాల గురించి, ఆయన మందుల ఖర్చు గురించి మాట్లాడుకుంటారు. ఆయనకు ప్రతి మాటా అర్థమవుతూనే ఉంటుంది. వెర్నికే రకం వాళ్ళనైతే పిచ్చి పట్టిందనో, గాలి సోకిందనో తీసుకెళ్తారు. ఒక అవ్వను అలా ఊళ్ళూ తిప్పి తిప్పి, చివరికి నా దగ్గరికి తెచ్చారు.

వడ్ల వ్యాపారం చేసిన ఒక పెద్దాయన సంగతి చెప్తాను. ఏం అడిగినా "అదే, అదే" అనేవారు. పేరు చెప్పలేరు, ఊరు చెప్పలేరు. ఒకటి నుంచి పది దాకా నాతో కలిసి లెక్కపెట్టండి పెద్దయ్యా అంటే, నేను "ఒకటి" అనేలోపే ఆయన "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు, నాలుగు అంటూ పదకొండు దాకా ఆగకుండా వెళ్ళిపోయారు. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు కదా, జీవితమంతా కొలిచిన లెక్క అది. పక్కన ఉన్న భార్య ఏడ్చేసింది. వరసగా అలవాటైన మాటలు, ఎక్కాలు, వారాల పేర్లు, దండకాలు, భజనలు, తిట్లు కూడా, ఇవి చాలామందిలో మిగిలి ఉంటాయి. బతుకమ్మ పాటలు ఏళ్ళ తరబడి పాడిన ఆడవాళ్ళలో కొందరు మాట రాకపోయినా పాట అందుకుంటారు. పాట రాగాన్ని పట్టుకుని మాటలోకి తీసుకొచ్చే పద్ధతి ఒకటి 1973 నుంచీ ఉంది, అది అందరికీ పనికిరాదు, కొందరికి పనికొస్తుంది.

ఆ పెద్దాయన బొమ్మల కార్డులు చూపిస్తే ఎడమ చేత్తో పక్కకు జరిపేసేవారు. ఆపిల్, బస్సు, గొడుగు, వీటితో ఆయనకేం పని? ఆయనకు కావాల్సింది ఫోన్ మోగితే "ఆఁ, చెప్పు" అనడం. పెద్ద కొడుకుతో వాదించడం. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేస్తే "వద్దు" అనడం. మొదట గట్టిగా, స్పష్టంగా వచ్చిన మాట కూడా "వద్దు" అనే మాటే, అది చాయ్ దగ్గరే వచ్చింది. అక్కడి నుంచి ఆయనతో పని అంతా ఆయన బతుకులో ఉన్న మాటలతోనే చేశాం. మునుపటిలా మాట్లాడటం రాలేదు, అది నేను దాచను. కానీ బేరం జరిగే చోట కూర్చుని "తక్కువ", "ఎక్కువ", "రేపు" అనగలిగారు. ఇంట్లో ఆయన్ను అడిగి నిర్ణయాలు తీసుకోవడం మళ్ళీ మొదలైంది.

దీనివల్ల లాభం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పక్షవాతం తర్వాత అఫేసియాకు స్పీచ్ థెరపీ మీద 2016లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష వచ్చింది, 57 ట్రయల్స్, దాదాపు 3,000 మంది. థెరపీ తీసుకున్నవాళ్ళు రోజువారీ మాటల్లో, చదవడంలో, రాయడంలో తీసుకోనివాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. మొదటి నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. ఏడాది దాటింది కాబట్టి ఇక లాభం లేదనే మాట చాలా కుటుంబాలను ఇంట్లోనే కూర్చోబెట్టింది.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నది నాకు ఎక్కువ ఉపయోగపడింది అక్కడే.

మూడు, నాలుగేళ్ళ పిల్లలు. వాళ్ళను తీసుకొచ్చేసరికే చాలా జరిగి ఉంటుంది. "వాళ్ల నాయిన గూడ నాలుగేండ్లకే మాట్లాడిండట మేడం" అని అత్తగారు ఆపి ఉంటుంది. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసి ఉంటారు, నాలుక కింద నరం కోయించి ఉంటారు, చెరువుగట్టు మీద అమావాస్యకు నిద్ర చేసి వచ్చి ఉంటారు. మొక్కులను నేను ఎప్పుడూ తప్పుపట్టను, పిల్లవాడి కోసం ఆ తల్లి చేయగలిగింది అది. చెవుల పరీక్ష కూడా చేయించమ్మా అంటాను. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలని ప్రపంచమంతా పెట్టుకున్న లెక్క. మన దగ్గర మేనరికాలు ఇంకా ఉన్నాయి, పుట్టుకతో చెవుడు ఉండే అవకాశం ఆ ఇళ్ళలో ఎక్కువ. అయినా వినికిడి సమస్య మూడేళ్ళకో నాలుగేళ్ళకో బయటపడుతున్న పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభించిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడేందుకు చెవి లోపల పరికరం పెట్టే ఆపరేషన్ కూడా ఉంది. ఆపరేషన్ ఒక రోజు పని, తర్వాత వినడం, మాట్లాడటం నేర్పడం ఏళ్ళ పని. ఆ ఏళ్ళ పనికి జిల్లాలో మనిషి కావాలి.

చెవులు బాగానే ఉండి, ఆటిజం ఉన్న పిల్లలను ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నాను. వాళ్ళలో కొందరు ఇంగ్లీషులో రంగులన్నీ చెప్తారు, ఏ నుంచి జెడ్ దాకా చెప్తారు, వంద దాకా అంకెలు చెప్తారు, జంతువుల పేర్లు గడగడా చెప్తారు. దాహం వేస్తే మాత్రం అమ్మ చేయి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తారు, మాట రాదు. తల్లిదండ్రులు గర్వంగా "అన్నీ వచ్చు మేడం, మాటే రాదు" అంటారు. ఫోన్‌లో చూసి నేర్చుకున్నవి కొన్ని, థెరపీలో కార్డులు చూపించి నేర్పినవి కొన్ని. అవును, థెరపీలోనే. "వాట్ కలర్?" అంటే "రెడ్" అని చెప్పించడం సులభం, లెక్క రాసుకోవడం సులభం, తల్లిదండ్రులకు వీడియో పంపడం సులభం.

ఆ వడ్ల వ్యాపారిని చూడకపోయి ఉంటే నేను కూడా ఆ రంగుల దగ్గరే చాలా రోజులు ఉండిపోయేదాన్నేమో. మాట పోయిన పెద్దమనిషి తిరిగి ఏం కోరుకుంటాడో కళ్ళారా చూసినప్పుడు, మాట ఇంకా రాని పిల్లవాడికి ఏం కావాలో తెలుస్తుంది. వద్దు అనడం, ఇంకా కావాలనడం, నాది అనడం, అమ్మను పిలవడం, అన్న మీద ఫిర్యాదు చేయడం. నేను ఇప్పుడు పెట్టుకునే లక్ష్యాలు ఇవే. మాట నోటితో రాకపోతే సైగతో, బొమ్మ చూపించడంతో చెప్పినా సరే. బొమ్మలు అలవాటైతే మాట రాదేమో అని భయపడతారు, ఆ భయానికి ఆధారం లేదు, చెప్పడానికి ఒక దారి దొరికిన పిల్లలకు మాట రావడం దాని వల్ల ఆగదు. "స్కూల్లో సీటు కావాలంటే ఏబీసీడీలు రావాలి కదా మేడం" అని అడిగే తల్లికి నేను చెప్పేది, బాత్రూమ్ వస్తోందని చెప్పడం రాకపోతే ఆ స్కూల్లో వాడు ఎలా కూర్చుంటాడమ్మా అని.

ఇక్కడే ఇంకో గొడవ. పిల్లవాడికి మాట ఆలస్యం అనగానే "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషే మాట్లాడండి" అని చెప్పేవాళ్ళు ఉన్నారు, స్కూలువాళ్ళు చెప్తారు, కొందరు డాక్టర్లు చెప్తారు, మన వృత్తిలో ఉన్నవాళ్ళు కూడా చెప్తారు. చందంపేట, దేవరకొండ తండాల నుంచి వచ్చే తల్లి ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ మాట్లాడే ఇళ్ళున్నాయి. నల్లగొండలో, పాలమూరులో ఉర్దూ ఇళ్ళు ఎన్నో. ఆ తల్లిని ఇంగ్లీషులో మాట్లాడమంటే ఏం జరుగుతుంది? "కమ్, సిట్, ఈట్, నో" ఈ నాలుగు ముక్కలే ఇంట్లో మిగులుతాయి. జోలపాట పోతుంది, కథ పోతుంది, పొడుపు కథ పోతుంది, వంట చేస్తూ తనలో తాను అనుకునే మాటలు కూడా పోతాయి. పిల్లవాడి చెవిన పడే మాటలే తక్కువైపోతాయి. రెండు భాషలు వినడం వల్ల మాట లోపం రాదు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో కూడా రెండు భాషలు వినడం వల్ల నష్టం జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మకు ఏ భాష ధారాళంగా వస్తుందో అందులోనే మాట్లాడాలి, నాయనమ్మతో కలిపి.

యాస సంగతి కూడా ఇందులోదే. "గీడ పెట్టిన", "ఆడికి పోదాం", "తింటలేడు" అని పిల్లవాడు అంటే అది వాడి ఇంటి మాట, వాడు సరిగ్గానే మాట్లాడుతున్నాడు. పుస్తకాల తెలుగులో ఉన్న పరీక్ష కార్డు పెట్టుకుని దాన్ని తప్పుగా రాసుకునేవాళ్ళను చూశాను, వినడానికే కష్టంగా అనిపించింది.

ఇదే విషయం పెద్దవాళ్ళలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండు భాషలు తెలిసిన మనిషికి పక్షవాతం వస్తే రెండూ ఒకేలా తిరిగి రావాలని లేదు. తండా నుంచి వచ్చిన ఒకామెతో తెలుగులో మాట్లాడినంతసేపూ ఏమీ రాలేదు, కూతురు తమ భాషలో పిలవగానే చిన్న చిన్న మాటలు వచ్చాయి. ఆ రోజు నుంచి థెరపీ కూతురు నడిపింది, నేను పక్కన కూర్చుని ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు మొదటి అక్షరం అందించాలో చెప్పాను. పెద్దవాళ్ళ దగ్గర ఇది ఒక్కసారి చూస్తే పిల్లల తల్లులకు ఇంటి భాష మానేయమని చెప్పడానికి నోరు రాదు.

మింగడం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మన చదువులో డిస్ఫేజియా, అంటే మింగడంలో ఇబ్బంది, ఉంటుంది, బయటివాళ్ళకు స్పీచ్ థెరపిస్టు మింగడం కూడా చూస్తారని తెలియదు. పక్షవాతం వచ్చిన కొత్తలో చాలామందికి మింగడం దెబ్బతింటుంది. ప్రేమ కొద్దీ పడుకోబెట్టే చెంచాతో నీళ్ళు పోస్తారు, దగ్గు వస్తుంది, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, అది ఇంకా ప్రమాదం. తాగిన తర్వాత గొంతు తడిగా, గరగరగా మారడం ఒక గుర్తు. నిటారుగా కూర్చోబెట్టడం, కొంచెం కొంచెంగా పెట్టడం, ఒక ముద్ద పూర్తిగా దిగాకే ఇంకోటి పెట్టడం, ఇవి చెప్పడానికి మిషన్లు అక్కర్లేదు. చాలామందికి నీళ్ళకంటే చిక్కటి జావ సులభంగా దిగుతుంది, కానీ ఎవరికి ఏది సరిపోతుందో పరీక్షించి చూడాల్సిందే. చిక్కదనం గురించి పుస్తకాల్లో పెద్ద పట్టికలు ఉంటాయి. ఇక్కడ అంబలి, జావ, గటక, మెత్తటి పెరుగన్నం అంటే ఏది ఎంత చిక్కనో అందరికీ తెలుసు. అంబలి ఇప్పుడే వద్దు, జావ ఇంత చిక్కగా పెట్టండి అంటే కోడలు ఒక్కసారికే పట్టుకుంటుంది.

ఇది పిల్లల దగ్గర ఎలా పనికొచ్చిందో చూడండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు అదుపులో ఉండని సమస్య) ఉన్న పిల్లలను నాలుగైదేళ్ళు వచ్చినా చంటిబిడ్డకు ఉగ్గు పోసినట్టే కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి తినిపిస్తుంటారు. ప్రతి ముద్దకూ దగ్గు, నెలనెలా జలుబు, ఛాతీలో గురగుర, బరువు పెరగదు. మాట కోసం వచ్చారు, నేను ముందు అన్నం పెట్టేటప్పుడు చూపించమ్మా అంటాను. ఒళ్ళో నిటారుగా పట్టుకుని తల కొంచెం ముందుకు ఉంచడం నేర్పాక దగ్గు తగ్గిన పిల్లలు ఉన్నారు. పిల్లల సెంటర్‌లో మాత్రమే పని చేసిన నా క్లాస్‌మేట్ ఒకామె నాతో ఫోన్‌లో అంది, తినేటప్పుడు చూడాలని తనకు ఎవరూ చెప్పలేదని. ఆమె తెలివైనది, చదువులో నాకంటే ముందుండేది. వార్డు చూడలేదు, అంతే.

కొత్తగా వచ్చినవాళ్ళు అన్ని రకాల కేసులూ చూస్తే రోగులకే నష్టం కదా, ముందు ఒకదానిలో చేయి తిరగాలి కదా అని సీనియర్లు అంటారు. ఈ మాటలో నిజం ఉంది. అమెరికాలో మాస్టర్స్ అయ్యాక 36 వారాలు సీనియర్ చేతి కింద పని చేయాలి, అప్పుడే పూర్తి సర్టిఫికెట్. మన దగ్గర నాలుగో ఏడాది ఇంటర్న్‌షిప్ అయిపోయి ఆర్‌సీఐలో (ఈ వృత్తుల వాళ్ళను నమోదు చేసే కేంద్ర సంస్థ) పేరు నమోదైతే మర్నాటి నుంచి నువ్వే థెరపిస్టువి. కానీ దీనికి జవాబు పిల్లల సెంటర్‌లో చేరడం అయితే కాదు. అక్కడ కూడా చాలాచోట్ల సీనియర్ ఉండరు, వరుసగా నలభై ఐదు నిమిషాల సెషన్లు ఉంటాయి, ఒకరు బయటికి పోగానే ఇంకొకరు లోపలికి వస్తారు, ఆలోచించే టైమ్ ఉండదు. నా మటుకు నేను ఒక గీత పెట్టుకున్నాను. మింగడంలో అనుమానం ఉండి ఎక్స్‌రేతో చూడాల్సిన కేసు హైదరాబాద్‌కు పంపుతాను, ఇక్కడ ఆ సదుపాయం నాకు అందుబాటులో లేదు. క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసినవాళ్ళ విషయంలో మా ప్రొఫెసర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టను. కష్టమైన కేసు వస్తే నా బ్యాచ్‌వాళ్ళతో రాత్రి కూర్చుని మాట్లాడుకుంటాను. ఇది ఎవరైనా ఏర్పాటు చేసుకోవచ్చు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పిల్లల తల్లిదండ్రులు అప్పు చేసైనా నెలనెలా ఫీజు కడతారు. అరవై ఏళ్ళ మనిషి మాట కోసం అంత ఖర్చు పెట్టే ఇళ్ళు తక్కువ. సెంటర్లు పిల్లల చుట్టూనే పెరగడానికి కారణం ఇదే, దీన్ని ఒక్క థెరపిస్టు మార్చలేరు. ప్రభుత్వం మార్చగలదు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో వచ్చిన కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాకొక డీఈఐసీ (పిల్లల సమస్యలను తొందరగా పట్టుకుని చికిత్స చేసే కేంద్రం) ఉండాలి, అందులో స్పీచ్ థెరపిస్టు పోస్టు మార్గదర్శకాల్లోనే ఉంది, కానీ అది 18 ఏళ్ళ లోపు వాళ్ళకే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, పక్షవాతం వచ్చిన మనిషిని ఇదివరకటిలా ప్రతిసారీ హైదరాబాద్‌కు తీసుకెళ్ళాల్సిన పని తగ్గింది. ఆ మంచం పక్కకు ఫిజియోథెరపిస్టు వచ్చినట్టే స్పీచ్ థెరపిస్టు కూడా రావాలి. ఇది పెద్ద కోరిక కాదు.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యం ఒకటి, దాని నిర్వచనంలోనే అఫేసియా అని, స్వరపేటిక తీసేయడం అని రాసి ఉంది. అయినా కాలూ చేయీ బాగుండి మాట మాత్రమే పోయిన మనిషిని సర్టిఫికెట్ కోసం తీసుకెళ్ళాలని ఇంట్లో ఎవరికీ తట్టదు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలు అయింది. అర్హత ఉందో లేదో అడగడానికైనా వెళ్ళమని చెప్పాల్సింది మనమే.

కుటుంబాల ఓపిక గురించి కొందరు తేలిగ్గా మాట్లాడుతుంటారు, వాళ్ళు రారు, మధ్యలో మానేస్తారు అని. ఎందుకు మానేస్తారో చూడండి. పాలమూరు నుంచి కూలికి ముంబై, పుణె పోయే తల్లిదండ్రులు పిల్లవాడిని నాయనమ్మ దగ్గర వదిలిపోతారు, వాళ్ళకు పని లేని నెలల్లోనే థెరపీ. అందుకే నేను నాయనమ్మకు నేర్పుతాను. రోజంతా పిల్లవాడి పక్కన ఉండేది ఆమె, పాటలూ కథలూ తెలిసింది ఆమెకే, నా అరగంట ఆమె రోజు ముందు ఎంత? 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, పిల్లలను తీసుకొచ్చే తల్లులు అప్పటి నుంచి వారం తప్పకుండా రావడం నా కళ్ళ ముందు జరిగిన మార్పు. బస్ ఛార్జీ ఒక్కటే ఇంతమందిని ఆపిందా అని ఆశ్చర్యపోయాను. పక్షవాతం వచ్చిన భర్తను తీసుకొచ్చే భార్యకు మాత్రం ఇంకా ఆయన టికెట్ భారం ఉంది, బస్సు ఎక్కించడానికి తోడు మనిషిని వెతుక్కునే భారమూ ఉంది.

ఇక ఇంటర్వ్యూకు పోతున్నవాళ్ళకు. జీతం అడగండి, తప్పకుండా అడగండి. దాంతో పాటు ఈ ప్రశ్నలు కూడా అడగండి. ఇక్కడికి పెద్దవాళ్ళు వస్తారా, వస్తే ఎవరు చూస్తారు? పక్కన ఆసుపత్రితో సంబంధం ఉందా, వార్డుకు పంపుతారా? నాకు అర్థం కాని కేసు వస్తే ఎవరిని అడగాలి, ఆ మనిషి వారంలో ఎప్పుడు దొరుకుతారు? రెండు సెషన్ల మధ్య తల్లితో మాట్లాడటానికి టైమ్ ఇస్తారా? అన్నిటికీ జవాబు లేదు అనే వచ్చి, ఇంటి పరిస్థితుల వల్ల అక్కడే చేరాల్సి వస్తే చేరండి, కానీ వారంలో ఒక పూట దగ్గరలోని ఏదైనా ఆసుపత్రిలో పక్షవాతం వార్డుకు వెళ్తానని ఆఫర్ కాగితం మీదే రాయించుకోండి. ఒప్పుకునే యాజమాన్యాలు ఉన్నాయి, అడిగేవాళ్ళే లేరు.